గడ్డం గీత

జుమ్మెరాత్ బజార్ల, అడుగుమాడిన కుక్కర్ల పక్కన
గోనెపట్టా మీద
మడిచిపెట్టిన హార్మోనియం లెక్క కూసున్నది.
నేను హార్మోనియమే అనుకున్న.
కొక్కెం తీస్తే తోలు మడతలు ముందుకు సాగినయి,
లోపట్నించి పాత చెప్పుల వాసన.

"అస్లీ సాగ్వాన్ అమ్మా, ఇత్తడే రెండు కిలోలుంటది"
అన్నడు సిరాజ్ భాయ్, తక్కెడ దిక్కు చూసుకుంట.
పొద్దుగాలనే ఒకాయన చూసి పోయిండట.
కాఫీ హోటలు గోడకు లైటు చేస్తడట,
లెన్సు పీకి ఆ బొక్కల బల్బు పెడతడట.
సాయంత్రం పైసలు తెస్తనన్నడట.

నేను బేరమాడలె.
అంటే, ఆడిన. తొమ్మిదివేలంటే ఏడున్నర.
ఆడకపోతే ఆయనకే అనుమానమొస్తది.

పందొమ్మిదేండ్లు ఉస్మానియా దవాఖానల
ఎక్స్‌రే గదిల చేసిన.
"ఊపిరి బిగబట్టు, కదలకు."
దినానికి నూరుసార్లు అన్న నోరు.
కంప్యూటర్లొచ్చినంక ఫిల్ము డబ్బాలు మూలకు పడ్డయి.
తేదీ దాటినయి రెండు అడిగి తెచ్చుకున్న,
ఎందుకో అప్పుడు తెల్వదు.

రాత్రి లైట్లన్నీ ఆర్పి
తోలు మడతల లోపటికి టార్చి పెట్టిన.
చుక్కలు పొడిచినయి.
లెక్కపెడితే ముప్పై ఒకటి,
ఎక్కువ మూలలకే, మడత మడతనొరిసే తావున.
మోకాలు కూడ అట్లనే అరుగుతది.

ఛత్తాబజార్ల, పెండ్లికార్డుల గల్లీ చివర,
ఖాతాబుక్కులకు వీపులు కుట్టే మొగులయ్య
దాన్ని తిప్పి తిప్పి చూసి
"ఇది గూడ పుస్తకమే, పేజీలు లేవంతే" అన్నడు.
నల్ల క్యాలికో ముక్కలు, గోరంత గోరంత.
మైదాగంజి వద్దన్నడు, పురుగొస్తది.
ఎనిమిది దినాలు, మూడొందలు,
నడుమ నాలుగు చాయలు నా లెక్కల.

ఇత్తడికి చింతపండు పెట్టబోయి ఆగిన.
ఇది బిందె కాదు, కిందున్న పాత పూత పోతది.
ఉత్త బట్టతోని తుడిచిన.
పట్టాలకు నూనె పోస్తే దుమ్ము తాగుతది,
కొవ్వొత్తి రుద్దిన.
వానకాలం లెన్సుకు బూజు పట్టకుండ
బియ్యండబ్బాల పెట్టుమన్నరు. బియ్యం పిండి రాలుస్తది.
మాత్రల సీసాలల్ల వచ్చే తెల్ల పొట్లాలు
వార్డులు తిరిగి ఏరుకొచ్చిన.
నర్సులు నవ్విండ్రు.

ఆఖరుకు వెనుక గరుకద్దం.
తడిబట్టతోని వంగితే
పెన్సిలు గీతలు.
నడుమ నిలువుగ ఒకటి, కింద అడ్డంగ ఒకటి,
పైన ఇంకొకటి, దాని పక్కన ఉర్దూల చిన్న మాట.
సిరాజ్ భాయ్‌కి చూపిస్తే చదివిండు: "ఠోడీ".
గడ్డం.
తలకిందుల అద్దం కద, గడ్డం పైనుంటది.

ఎన్ని గడ్డాలు వచ్చి ఆ గీతకు ఆనినయో,
నౌకరీ దరఖాస్తుల కోసం,
పెండ్లి మాటల కోసం,
కొత్త అంగీ కాలరు కుత్తుక కోస్తుంటే.
గీసినాయన పేరు యాడ లేదు.
తడిబట్ట పిండి తీగ మీద ఆరేసిన.

ఐతారం మొగులయ్యను దుకాణం గడప మీద కూసోబెట్టిన.
నల్లబట్ట కప్పుకుంటే
ఆకాశాన్నుంచి వేలాడుతున్నడు,
జిగురు డబ్బా తలకిందులైనా కారుత లేదు.
స్టాండు కాలు ఇంచు జరిపి, ఇంకింత జరిపి
నెరిసిన గడ్డాన్ని గీతకు ఆనించిన.

"ఊపిరి బిగబట్టు, కదలకు."
ఈ మాట అని మొఖాన్ని చూసుడు ఇదే మొదలు.
మూత తీసిన. ఒకటి, రెండు, మూడు,
ఆటో ఒకటి అడ్డమొచ్చి పోయింది, నాలుగు.

బాత్రూంల ఎర్రబల్బు కింద కడిగిన.
ఎక్స్‌రే చూసిన కండ్లకు నెగెటివే చాలు.
మొగులయ్య గడ్డం కారునలుపు,
ముప్పయ్యేండ్లు తగ్గిండు.
ఆటో రానే లేదు.
భుజం మీద మాత్రం సన్నగ ఒక నల్ల చార.

ఫిల్ము ట్యూబులైటుకు పట్టుకొని
తన మొఖం చూసుకోలేదాయన.
చార మీద గోరు పెట్టి
"ముప్పై రెండోది" అన్నడు,
జిగురు డబ్బా కోసం చెయ్యి చాపిండు.